వార్డు తెలిసిన విద్యార్థికి పాఠం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావాటికి విషయం ఒకటే. జీఎన్‌ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) చదివి, కొన్నేళ్లు ఆస్పత్రుల్లో పనిచేసి, మళ్లీ రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్‌కో, 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణకో, ఆరు నెలల బ్రిడ్జి కోర్సుకో వచ్చే పెద్దవయసు విద్యార్థులకు ఎట్లా చెప్పాలని బోధించేవారు అడిగారు. ఆ తరగతుల్లో ఎట్లా నెగ్గుకురావాలని చదువుకునేవారు అడిగారు. పంపినవారి పేర్లు వదిలి ఊర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక ట్యూటర్): ఎం.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి నిరుడు ట్యూటర్‌గా చేరాను. నా వయసు 26. పోస్ట్ బేసిక్ మొదటి సంవత్సరం తరగతిలో సగానికి పైగా నాకన్నా పెద్దవారే. ఒకరిది మా అమ్మ వయసు. సెలైన్ పెట్టే విధానం చెబుతుంటే వెనుక బెంచీ నుంచి ఒకామె "మేడం, ఇది మేము రోజు చేసేదే గదా" అన్నది, అందరూ నవ్వారు. అప్పటినుంచి ఆ తరగతికి వెళ్లాలంటే బెరుకుగా ఉంటున్నది. వీరికి నేను కొత్తగా ఏమి చెప్పగలను?

జవాబు: ఆమె అన్న మాటలో అబద్ధమేమీ లేదు కనుక ముందు దానిని ఒప్పుకోండి. మీరు చెప్పిన పాఠం డ్రిప్ సెట్‌ను ఎన్నడూ చేత్తో పట్టని ఇంటర్మీడియట్ పిల్లల కోసం తయారైనది. దానినే ఒక్కో డ్యూటీలో ఇరవై, ముప్పై సెలైన్లు పెట్టి వచ్చినవారికి అక్షరం మార్చకుండా చెబితే నవ్వక ఏం చేస్తారు? అది మీ వయసును చూసి నవ్విన నవ్వు కాదని నా అభిప్రాయం. సెలవు పెట్టుకుని, జీతం వదులుకుని, పిల్లలను అత్తగారింట్లోనో అమ్మగారింట్లోనో ఉంచి వచ్చిన మనిషికి గంట వృథా అయితే కలిగే చిరాకు అట్లాగే బయటపడుతుంది.

మరుసటిసారి ఆ పాఠాన్ని స్కిల్ ల్యాబ్‌లో మొదలుపెట్టండి. 500 మి.లీ. సీసా ఒకటి వేలాడదీసి, ఆ మాట అన్న సిస్టర్‌నే ముందుకు పిలిచి, "ఇది నాలుగు గంటల్లో పూర్తి కావాలి, వాచీ చూడకుండా చుక్కలు సరిచేసి చూపించండి" అని అడగండి. ఆమె చుక్కలు పడే చాంబర్ వైపు ఒక్క క్షణం చూసి, వేగం మార్చే రోలర్‌ను రెండుసార్లు అటూ ఇటూ జరిపి చేయి తీసేస్తుంది. మిగతావారిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టమనండి. మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్ అయితే 500 మి.లీ.కి 10,000 చుక్కలు, నాలుగు గంటలంటే 240 నిమిషాలు, కనుక నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. ఆమె పెట్టింది నలభైకి అటో ఇటో ఉంటే ఆశ్చర్యపోకండి. చాలామంది పాత స్టాఫ్ నర్సుల కన్ను అంత లెక్కగానే ఉంటుంది. ఆ సంగతి తరగతి ముందు బాహాటంగా చెప్పండి.

తరువాత సెట్ మార్చండి. మి.లీ.కి 60 చుక్కలు పడే మైక్రో సెట్ పెట్టి అదే పని మళ్లీ చేయించండి. అలవాటుపడిన కన్ను అదే నలభై చుక్కల దగ్గర ఆగిందనుకోండి, గంటకు నలభై మి.లీ. మాత్రమే పోతుంది, నాలుగు గంటల సీసా పన్నెండున్నర గంటలు పడుతుంది. దీనికి తలకిందులుగా జరిగేది ఇంకా ప్రమాదం. గంటకు 40 మి.లీ. పోవలసిన పసివాడికి పిల్లల వార్డులో మైక్రో సెట్ అయిపోయి మామూలు సెట్ తగిలించారని, చేయి అలవాటు ప్రకారం నలభై చుక్కలే పెట్టిందని అనుకుందాం. అప్పుడు గంటకు 120 మి.లీ. లోపలికి పోతుంది, అంటే మూడింతలు. ఈ లెక్క బోర్డు మీద వేసిన తర్వాత "సెట్ కవరు మీద చుక్కల సంఖ్య ఎక్కడ రాసి ఉంటుందో మీలో ఎందరు చూశారు?" అని అడగండి. అప్పుడు సూత్రం చెప్పమని వారే అడుగుతారు, రాసుకుంటారు కూడా.

పెద్దవారు తమ అనుభవాన్ని వెంటబెట్టుకుని తరగతికి వస్తారనీ, ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోతే తమనే లెక్కచేయనట్టు భావిస్తారనీ అమెరికాలో వయోజన విద్య మీద పనిచేసిన మాల్కమ్ నోల్స్ చాలాకాలం కింద చెప్పాడు. ఆయన మాటను పట్టుకుని కొందరు ఉపాధ్యాయులు తరగతిని గుంపులుగా విడదీసి "మీలో మీరు చర్చించుకోండి" అని చెప్పి కుర్చీలో కూర్చుంటున్నారు; ఆ పద్ధతి నాకు నచ్చదు. అనుభవం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో చూపించవలసినది మీరే. అందుకు మొదటి వారంలోనే ఒక్కొక్కరి చేత ఒక కాగితం రాయించుకోండి: ఏయే వార్డుల్లో ఎన్నేళ్లు చేశారు, ఎవరి సాయం లేకుండా చేయగల పనులేవి, చేయాలంటే భయం వేసే పనులేవి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే మీ అసలు సిలబస్. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవారు కూడా "ఈసీజీ చూస్తే ఏమీ అర్థం కాదు" అని ఆ కాగితం మీద రాస్తారు. నోటితో మాత్రం ఎన్నడూ చెప్పరు.

ప్రశ్న (మంచిర్యాల నుంచి ఒక పాఠకురాలు): నేను బి.ఎస్సీ. జువాలజీ చదివాను, వయసు 29. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవారు ఏడాదిలోనే నర్సింగ్ డిగ్రీ పూర్తిచేస్తారని మా బంధువులు చెప్పారు. ఇక్కడ కూడా అట్లాంటి కోర్సు ఇప్పిస్తామని ఒకరు డబ్బు అడుగుతున్నారు. నమ్మవచ్చునా?

జవాబు: డబ్బు ఇవ్వకండి. వేరే డిగ్రీ ఉన్నవారిని ఏడాదిలో రిజిస్టర్డ్ నర్సును చేసే కోర్సు మన దేశంలో లేదు. నర్సుగా నమోదు కావాలంటే నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ గాని మూడేళ్ల జీఎన్‌ఎం గాని చదవాలి. రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు జీఎన్‌ఎం పూర్తిచేసి నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టర్ అయినవారి కోసమే. మీరు ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి ఉంటే ఆ అర్హత మీద ప్రవేశం దొరుకుతుందేమో, వయసు నిబంధన ఏమిటో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రవేశ ప్రకటనలో చూసుకోండి. కాలేజీకి గుర్తింపు ఉన్నదీ లేనిదీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో సరిచూసుకున్న తర్వాతే ఫీజు కట్టండి.

అమెరికా సంగతి మీ బంధువులు చెప్పినది నిజమే. అక్కడ సెయింట్ లూయీ విశ్వవిద్యాలయం 1971లో ఇట్లాంటి కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి, సాధారణంగా 11 నుంచి 18 నెలలు పడతాయి. అయితే శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం వంటివి చేరకముందే చదివి మార్కులు తెచ్చుకుని ఉండాలి. ఆ కోర్సులో సెలవులు దాదాపు ఉండవు, చదువుకుంటూ ఉద్యోగం చేయవద్దని కాలేజీలే చెబుతాయి, పూర్తయ్యాక అందరితో పాటు లైసెన్సు పరీక్ష రాయాలి.

బోధించేవారు ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. అక్కడి విద్యార్థికి డిగ్రీ ఉంటుంది, వార్డు తెలియదు. మన పోస్ట్ బేసిక్ విద్యార్థికి వార్డు తెలుసు, డిగ్రీ లేదు. రెండు చోట్లా కోర్సు కురచగా ఉండటానికి కారణం విద్యార్థి సగం సరుకుతో రావడమే, కాని ఆ సగం వేర్వేరు. అక్కడ జీవశాస్త్రం మళ్లీ చెప్పనక్కరలేదు కనుక సమయమంతా రోగి పక్కన గడపాలి. ఇక్కడ పడక సర్దడం, ఉష్ణోగ్రత చూడటం మళ్లీ చెప్పనక్కరలేదు కనుక ఆ సమయమంతా "ఎందుకు" అన్న ప్రశ్నకు పోవాలి. అందుకే అమెరికా కోర్సుల గురించి రాసిన బోధన సలహాలను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి మన తరగతిలో పెడితే అతకవు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి, కాన్పుల విభాగంలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు): మా విద్యార్థినుల్లో కొందరు లేబర్ రూమ్‌లో పదిహేనేళ్లకు పైగా పనిచేసినవారు. తొలి కాన్పు అయితే యోనిద్వారం దగ్గర కోత (ఎపిసియోటమీ) పెట్టడం, చివరలో పొట్ట మీద నొక్కడం, బిడ్డ బయటపడగానే బొడ్డుతాడు కత్తిరించడం వారికి అలవాటు. ఇప్పటి మార్గదర్శకాలు చెబితే "మా దగ్గర ఇట్లనే చేస్తం, ఇప్పటిదాక ఏమీ కాలే" అంటారు. మొండితనం అనుకోవాలా? ఈ అలవాట్లు మాన్పించేదెట్లా?

జవాబు: మొండితనం అనుకోకండి. వారు ఆ పనులను దొంగచాటుగా నేర్చుకోలేదు. వారికి పుస్తకాలు అట్లాగే చెప్పాయి, పరీక్షల్లో అట్లాగే రాస్తే మార్కులు వచ్చాయి, డాక్టర్లు అట్లాగే చేయించారు. "మీరు చేస్తున్నది తప్పు" అన్న మాటతో మొదలుపెడితే పదిహేనేళ్లలో తాము చేసిన కాన్పులన్నీ తప్పన్నట్టు వినబడుతుంది. ఆ తర్వాత మీరు ఏ ఆధారం చూపినా ఎవరూ వినరు.

నేనైతే పార్టోగ్రాఫ్‌తో, అంటే ప్రసవం సాగే తీరును గుర్తించే పటంతో, మొదలుపెడతాను, ఎందుకంటే అందులో మార్పు అంకెల్లో కనబడుతుంది. ప్రసవం చురుకు దశలోకి ఎప్పుడు వచ్చినట్టు? 1990ల నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పటంలో గర్భాశయ ముఖద్వారం 3 సెం.మీ. తెరుచుకుంటే వచ్చినట్టు. 2000లో పటాన్ని సవరించినప్పుడు అది 4 సెం.మీ. అయింది. 2018 సిఫారసుల్లో 5 సెం.మీ. అయింది, దాని ప్రకారమే 2020లో లేబర్ కేర్ గైడ్ అనే కొత్త పటం వచ్చింది. మీ తరగతిలో వేర్వేరు సంవత్సరాల్లో జీఎన్‌ఎం చదివినవారిని లేపి "మీరు చదువుకున్నప్పుడు ఎన్ని సెంటీమీటర్లు?" అని అడిగితే మూడు అన్నవారు, నాలుగు అన్నవారు ఒకే గదిలో దొరుకుతారు. ఎవరి జవాబును తప్పనకుండా సంవత్సరంతో సహా బోర్డు మీద రాయండి. ఆ తరువాత ఎందుకు మారిందో చెప్పండి: మామూలుగా సాగే ప్రసవాలను పెద్దసంఖ్యలో గమనించినప్పుడు, గంటకు ఒక సెంటీమీటరు లెక్కన తెరుచుకోవాలన్న నియమం చాలామంది ఆరోగ్యవంతులైన స్త్రీల విషయంలో నిలవలేదనీ, అయిదు సెంటీమీటర్ల లోపు నెమ్మదిగా సాగడం సహజమేననీ తేలింది. ఆ నెమ్మదితనాన్ని జబ్బుగా తీసుకుని అక్కరలేని డ్రిప్పులు, అక్కరలేని ఆపరేషన్లు జరిగాయి.

పుస్తకం ఒకసారి మారిందంటే మళ్లీ మారవచ్చునని ఒప్పుకున్న తరగతికి మిగతావి చెప్పడం సులువు. కోత అందరికీ అలవాటుగా పెట్టవద్దని, పొట్ట మీద నొక్కవద్దని, బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కత్తిరించడానికి కనీసం ఒక నిమిషం ఆగమని ఇప్పటి సిఫారసులు. "ఏమీ కాలే" అన్న మాటకు మాత్రం వాదనతో జవాబు చెప్పకండి. కాన్పు అయిన మూడో రోజున తల్లి ఇంటికి పోతే ఆ తర్వాత కుట్లు విప్పుకున్నాయా, చీము పట్టిందా, కూర్చోలేకపోయిందా అన్నది లేబర్ రూమ్ సిస్టర్‌కు తెలిసే దారి లేదు. ఆ దారి మీరు ఏర్పాటు చేయవచ్చు. కమ్యూనిటీ పోస్టింగ్‌లో ప్రతి విద్యార్థినీ కోత పెట్టిన ఇద్దరు బాలింతలను, పెట్టని ఇద్దరిని పదిహేను రోజుల తర్వాత ఇంటి దగ్గర చూసి రావాలని పని అప్పగించండి. నలుగురితో సిద్ధాంతం రుజువు కాదు, ఆ మాట కూడా వారికి చెప్పండి. కాని బాలింత మంచం మీద పక్కకు ఒరిగి కూర్చుని బిడ్డకు పాలిచ్చే అవస్థను కళ్లారా చూసిన సిస్టర్ కత్తెర చేతికి తీసుకునే ముందు ఒకసారి ఆగుతుంది.

ఇంకొక జాగ్రత్త. మీ విద్యార్థిని తిరిగి వెళ్లే ఆస్పత్రిలో పాత పటమే వేలాడుతూ ఉండవచ్చు, ఇన్‌ఛార్జి సిస్టర్ పాత పద్ధతే అడగవచ్చు. కొత్తది నేర్పి, పాత పటంలో నింపడం కూడా నేర్పి, ఈ రెంటి మధ్య తేడా డాక్టర్‌కు మర్యాదగా ఎట్లా చెప్పాలో మాటలతో సహా అభ్యాసం చేయించండి. తెలంగాణలో 2017 నుంచే మిడ్‌వైఫరీ శిక్షణ సాగుతున్నది కనుక, మీకు దగ్గరలో ఆ శిక్షణ పొందినవారు ఉంటే ఒక పూట తరగతికి పిలవండి. తోటి నర్సు నోట వచ్చిన మాటకు ఉండే బలం ట్యూటర్ మాటకు ఉండదు. అందుకు మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు.

ప్రశ్న (ములుగు నుంచి ఒక విద్యార్థిని): నా వయసు 41. పదహారేళ్లు పనిచేసి పోస్ట్ బేసిక్‌లో చేరాను. హనుమకొండకు రోజూ బస్సులో వచ్చిపోతాను. రాత్రి వంట, పిల్లల పనులు అయ్యాక పుస్తకం పట్టుకుంటే చదివినంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, పొద్దున్నే లేస్తే ఒక్క ముక్క గుర్తుండదు. ఇంగ్లిషులో రాయడం కూడా మరిచిపోయాను. ఈ వయసులో చదువు తలకెక్కదని మావారు అంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. పదహారేళ్లలో వందల మందుల పేర్లు, వాటి మోతాదులు, డాక్టర్ల గీతల చేతిరాతలు గుర్తుపెట్టుకున్న తల అది. చిక్కు మీరు చదివే తీరులో ఉన్నది, "చదివినంతసేపూ తెలిసినట్టే ఉంటుంది" అని మీరే రాశారు. తెలిసినట్టు అనిపించడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వారికి 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది.

కనుక రాత్రి పుస్తకాన్ని మూడుసార్లు తిరగేయడం మానేయండి. ఒకసారి చదివి, మూసి, గుర్తున్నది ఒక కాగితం మీద తెలుగులోనైనా సరే రాయండి. వదిలిపోయినదేదో పుస్తకం తెరిచి చూడండి. పొద్దున బస్సులో పుస్తకం తీయకండి; నిన్నటి కాగితం తలచుకుని మనసులోనే చెప్పుకోండి, తట్టని చోట మాత్రమే కాగితం చూడండి. కొత్త పాఠాన్ని మీకు తెలిసిన రోగికి తగిలించి చదవడం ఇంకా మంచిది. కిడ్నీ పాఠం వచ్చినప్పుడు మీ ఆస్పత్రిలో కాళ్లవాపుతో చేరి డయాలసిస్‌కు వెళ్లిన ఏ పెద్దమనిషినో తలచుకుని, ఆయనకు ఉప్పు ఎందుకు తగ్గించారు, ఆ మందు ఎందుకు ఇచ్చారు, పొటాషియం ఎందుకు చూశారు అని వరుసగా మిమ్మల్ని మీరే అడగండి. మీ తరగతిలో ఇరవై ఏళ్ల పిల్లకు లేని వసతి ఇది.

ఇంగ్లిషు గురించి: పరీక్షలో దిద్దేవారు చూసేది విషయం, వరుస, పటం. వాక్యాలు చిన్నవిగా రాయండి. మీరు వార్డులో పదహారేళ్లు రాసిన నర్సుల నోట్సు ఇంగ్లిషులోనే కదా? ఆ వాక్యాల పొడవు చాలు. వారానికి రెండు జవాబులు రాసి మీ ట్యూటర్ చేత దిద్దించుకోండి. నిద్ర మాత్రం తగ్గించుకోకండి. నిద్ర చాలకపోతే చదివినది సరిగా నిలవదు. మీవారికి నా మాటగా చెప్పండి, పరీక్షల నెలలో రాత్రి వంట ఆయన చేస్తే మీ తల ఇంకా బాగా పనిచేస్తుంది.

ప్రశ్న (జనగామ నుంచి ఒక ట్యూటర్): మా విద్యార్థులు స్లయిడ్లన్నీ వాట్సాప్‌లో పెట్టమని అడుగుతారు. పెట్టవచ్చునా?

జవాబు: పెట్టండి, తరగతి అయిన మరునాడు. ప్రతి స్లయిడ్ల కట్ట వెనుక జవాబులు లేని అయిదు ప్రశ్నలు చేర్చండి.

ప్రశ్న (పెద్దపల్లి నుంచి ఒక ప్రిన్సిపాల్): రెండేళ్లలో ఇంత సిలబస్ ఎట్లా పూర్తిచేయాలో అర్థం కావడం లేదు. మా ఉపాధ్యాయులు వేగంగా చెబుతున్నారు, విద్యార్థులు అందుకోలేకపోతున్నారు. గంటలు తగ్గించే అధికారం మాకు లేదు.

జవాబు: గంటలు తగ్గించకండి; వేగమూ పెంచకండి. గంట లోపల ఏమి జరగాలో మార్చే అధికారం మీకు ఉన్నది. మొదటి సంవత్సరంలో నర్సింగ్ ఫౌండేషన్, మైక్రోబయాలజీ, పోషకాహారం, బయోకెమిస్ట్రీ, సైకాలజీ, మాతృ, శిశు ఆరోగ్య నర్సింగ్, మెడికల్ సర్జికల్ నర్సింగ్ ఉన్నాయి. వీటన్నింటినీ మీ విద్యార్థులు ఒకే స్థాయిలో మరిచిపోలేదు. చేరిన వారంలోనే ప్రతి సబ్జెక్టులోనూ మార్కులు లెక్కలోకి రాని ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఫౌండేషన్‌లో చాలామంది గట్టిగా ఉంటారు; యాసిడ్–బేస్ సమతుల్యం దగ్గర, మందుల లెక్కల దగ్గర, గణాంకశాస్త్రం దగ్గర తడబడతారు. ఫౌండేషన్ గంటల్లో చేతి పనిని మళ్లీ మొదటినుంచి చూపించడం మాని, కేర్ ప్లాన్‌లో (రోగికి చేయవలసిన పనుల ప్రణాళికలో) ప్రతి పనికీ కారణం రాయించండి. ఆ కారణాల వెంట బయోకెమిస్ట్రీ తనంత తానే వస్తుంది.

విద్యార్థుల దగ్గర ఉన్న సరుకును పాఠంలో వాడుకోవడం కూడా సమయం మిగల్చడమే. మీ ప్రాంతపు నర్సుల్లో మేడారం జాతరలో వైద్య శిబిరాల డ్యూటీ చేసినవారు తప్పక ఉంటారు. కమ్యూనిటీ హెల్త్‌లో జాతరల ఆరోగ్య ఏర్పాట్ల పాఠాన్ని మీ ఉపాధ్యాయులు గంటసేపు చదివి వినిపించే బదులు, ఆ సిస్టర్‌ను బోర్డు దగ్గరకు పిలిచి శిబిరం ఎక్కడ ఉన్నది, మొదటి రోజు ఏ రోగులు వచ్చారు, గద్దెల దగ్గర రద్దీ పెరిగిన రోజున ఏమి మారింది, నీళ్ల ట్యాంకులు ఎక్కడున్నాయి అని గీయించండి. ఆ పటం మీద ఉపాధ్యాయురాలు పుస్తకాన్ని నిలపాలి: క్లోరిన్ కలిపి గంటసేపు ఉంచిన తర్వాత లీటరు నీటిలో 0.5 మి.గ్రా. శేష క్లోరిన్ ఉండాలని చెప్పి, "మీ ట్యాంకులో ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు?" అని అడగాలి. జంపన్న వాగులో స్నానాలు చేసే లక్షల మంది సంగతి ఎవరూ ఎత్తకపోతే ఆమే ఎత్తాలి. ఇట్లా నడిచిన గంటలో తాగునీరు, విరేచనాల వ్యాధులు, రిఫరల్, రికార్డులు నాలుగూ కలిసి వస్తాయి. సిలబస్‌లో అవి నాలుగు వేర్వేరు చోట్ల ఉంటాయి.

అన్నీ ఇట్లా కుదరవు. గణాంకశాస్త్రానికి అనుభవం ఏమీ సాయపడదు. దానిని నిదానంగా, మొదటినుంచి, తెలియనివారికి చెప్పినట్టే చెప్పాలి. అక్కడ మిగిల్చిన గంటలు ఇక్కడ ఖర్చు పెట్టండి.

ప్రశ్న (గోదావరిఖని నుంచి ఒక క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్): ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పద్నాలుగేళ్లు పనిచేసిన ఒక విద్యార్థిని ఐసీయూ పోస్టింగ్‌లో వెనక్కి నిలబడిపోతున్నది. వెంటిలేటర్ దగ్గరకే రాదు. ఒకరోజు సక్షన్ (ట్యూబులోని కఫం లాగేయడం) చేసేటప్పుడు తప్పు చేస్తే ఇన్‌ఛార్జి సిస్టర్ రోగి బంధువుల ముందే కోప్పడింది. అప్పటినుంచి సెలవులు పెడుతున్నది. ఇంత అనుభవం ఉన్నవారు ఇట్లా ఎందుకు అవుతారు?

జవాబు: అనుభవం వార్డు మారితే వెంట రాదు. నర్సు నైపుణ్యం కొత్తదశ నుంచి నిపుణదశ దాకా అయిదు మెట్లలో ఎదుగుతుందని 1984లో వివరించిన ప్యాట్రీషియా బెన్నర్, ఎంత చేయి తిరిగిన నర్సయినా తనకు పరిచయం లేని విభాగంలోకి వెళితే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడుతుందని చెప్పింది. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ మెట్టు మీద నిలబడటం సిగ్గుగా ఉండదు. తన ఊరిలో "డాక్టరమ్మ" అని పిలిపించుకున్న మనిషికి ఉంటుంది. ఈ సంగతి ఆమెకు మీరే విడిగా కూర్చోబెట్టి చెప్పాలి, పోస్టింగ్ మొదలవకముందే అందరికీ చెబితే ఇంకా మంచిది.

తప్పు దిద్దడం గురించి: రోగికి హాని జరిగేట్టు ఉంటే ఆ క్షణమే ఆపాలి, అందులో మొహమాటం వద్దు. "సిస్టర్, ఒక్క నిమిషం, నేను చేస్తాను" అంటే చేయి ఆగుతుంది, బంధువులకు ఏమీ తెలియదు. మిగతా మాటలు డ్యూటీ రూమ్‌లో మాట్లాడాలి, అక్కడ కూడా "ఇట్లా ఎందుకు చేశారు?" అనే ముందు "అప్పుడు మీకు ఏమి కనబడింది?" అని అడగాలి. చాలాసార్లు తప్పుకు కారణం తెలియకపోవడం కాదు, చూడవలసిన చోట కాక వేరేచోట చూడటం. ఇన్‌ఛార్జి సిస్టర్‌తో కూడా మీరే మాట్లాడండి. విద్యార్థిని చేత క్షమాపణ చెప్పించే పద్ధతి మన కాలేజీల్లో ఉన్నది కాని, అది ఆమెను ఇంకా దూరం చేస్తుంది.

సెలవు నుంచి తిరిగి వచ్చిన రోజున ఆమెకు ఒక్క రోగిని అప్పగించి, తనకు బాగా వచ్చిన పనులే ఇవ్వండి: నిమిషం పూర్తిగా ఛాతీ చూసి శ్వాస లెక్కపెట్టడం, గంటగంటకు మూత్రం కొలవడం, చర్మం రంగు, చేతుల చల్లదనం చూడటం. యంత్రాలు లేనిచోట పద్నాలుగేళ్లు పనిచేసిన కన్ను ఇందులో మీ ఐసీయూ పిల్లలకన్నా చురుకుగా ఉంటుంది, అది వారూ చూస్తారు. రెండో రోజు వెంటిలేటర్ అలారాలు చెప్పండి. గాలి ఒత్తిడి ఎక్కువైందని మోగితే కఫం అడ్డుపడిందా, రోగి ట్యూబును కొరుకుతున్నాడా, గొట్టం మెలిక పడిందా అని చూడాలి. ఒత్తిడి తగ్గిందని మోగితే ఎక్కడో ఊడిపోయిందా, గాలి లీకవుతున్నదా అని చూడాలి. అలారం ఏదైనా ముందు రోగి ఛాతీని, తర్వాత ట్యూబును, గొట్టాలను, చివరకు యంత్రాన్ని చూడాలన్న వరుసను ఆమె చేతనే మిగతా విద్యార్థులకు చెప్పించండి. సక్షన్‌ను మూడో రోజున మొదట బొమ్మ మీద, ఆ తర్వాత మీరు పక్కన నిలబడి రోగి మీద చేయించండి; బటన్లు, మోడ్‌లు ఆ వారం చివరకు పెట్టుకోవచ్చు.